మూడు కూతల లాప్‌టాప్

నాబుల్,
ఏప్రిల్ 20

ఒరేయ్ ఖమీస్,

అక్కను రాస్తున్నాను. కవరు మీద నా దస్తూరీ చూస్తే చించి పారేస్తావేమోనని అడ్రసు మా అమ్మాయి నెస్రీన్ చేత రాయించాను. చించకు. ఇది మన గొడవ గురించి కాదు.

నువ్వు నాతో మాటలు మానేసి పధ్నాలుగు నెలలైంది. అమ్మ ఏటా నారింజ పూల పన్నీరు దింపే రాగి బట్టీ కనపడటం లేదనీ, దాన్ని నీ పెళ్లాం మబ్రూకానే కైరవాన్‌కు మోసుకుపోయిందనీ అమ్మ పోయిన నలభయ్యో రోజున అందరి ముందూ నేను అన్న మాట నిజమే. నువ్వు లేచి నిలబడి, "ఆ మాట వెనక్కి తీసుకునేదాకా నీతో నోరు విప్పితే ఒట్టు" అన్నదీ నిజమే. మూడు రోజులు ఉపవాసం ఉంటే తీరిపోయే ఒట్టు అది. ఇమామ్‌ని అడిగే రాస్తున్నాను. పోనీ, నువ్వు ఒట్టు వేసింది నోటి మీద, చేతి మీద కాదు. ఉత్తరం రాయడానికి అడ్డేం లేదు.

అసలు సంగతి నెస్రీన్ లాప్‌టాప్. బటన్ నొక్కితే దీపం వెలుగుతుంది, లోపల ఫ్యాను గిర్రున తిరుగుతుంది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంటుంది. తర్వాత మూడుసార్లు కూ కూ కూ అని కూసి ఆరిపోతుంది. పదిసార్లలో ఒకసారి తెరుచుకుంటుంది. అప్పుడు కీబోర్డు పలకదు. ఏ అక్షరం నొక్కినా ఉలకదు, నొక్కని అక్షరం ఒకటి మాత్రం దానంతట అదే గీతంతా నింపుకుంటూ పోతుంది. ఈ ఊరి షాపువాడు చూసి, "తల్లీ, దీని పని అయిపోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. వాడు కనీసం మూత కూడా విప్పలేదు.

మన వైపు బావుల్లోకి సముద్రపు ఉప్పు ఎలా ఎక్కుతోందో రాసిన ఆ పిల్ల అయిదేళ్ల థీసిస్ అందులో ఉంది. మే 30 లోపల యూనివర్సిటీలో ఇవ్వాలి. చివరి రెండు అధ్యాయాలు ఇంకెక్కడా లేవు.

దాని మీద ఏమీ పడలేదు, ముందే చెబుతున్నాను. ఏం చెయ్యాలో రాయి.

నీ అక్క,
నజీహా

* * *

కైరవాన్,
ఏప్రిల్ 23

అక్కా,

చించలేదు. మేనకోడలి కోసం రాస్తున్నాను. ఇది మాట్లాడటం కిందికి రాదు. ఒట్టు ఒట్టులాగే ఉంది, ఇమామ్‌ను మధ్యలోకి లాగకు. ఉపవాసం ఉండాల్సింది ఒట్టు తప్పినవాడు. నేను తప్పలేదు, తప్పను.

చెప్పింది చెప్పినట్టు చెయ్యి, సొంత తెలివి ఉపయోగించకు. ముందు చార్జరు పీకెయ్యి. లాప్‌టాప్‌కు గుచ్చి ఉన్నవన్నీ పీకెయ్యి. పవర్ బటన్‌ను ముప్ఫై సెకన్లు అలాగే నొక్కి పట్టు. వదిలేసి, చార్జరు ఒక్కటే పెట్టి మళ్లీ ఆన్ చెయ్యి. తెరుచుకుంటే, నువ్వు పాఠాలు చెప్పిన స్కూల్లో అడిగి విడి కీబోర్డు ఒకటి తెచ్చి తగిలించు. దాంతో అక్షరాలు పడితే లోపలి కీబోర్డు పోయినట్టు. పడకపోతే జబ్బు ఇంకా లోతుగా ఉన్నట్టు. మూడు కూతలు అన్నావు, అవి పొడుగువా పొట్టివా? విని రాయి.

ఇరవై ఆరేళ్లుగా ఈ రిపేరు పనిలో ఉన్నాను. నేనడక్కుండానే "దాని మీద ఏమీ పడలేదు" అని మొదలుపెట్టినవాళ్ల సామాన్లలో ఏదో ఒకటి పడి ఉంటుంది. కాఫీయా, నీళ్లా, పాలా? ఏది పడిందో తెలిస్తే ఎక్కడ తుడవాలో తెలుస్తుంది. నిజం రాయి.

మబ్రూకా ఎలా ఉందని నువ్వు అడగలేదు. నేనే చెబుతున్నాను. పెళ్లిళ్లకు పిలిచినా వెళ్లడం మానేసింది. పోయినసారి వెళ్తే ఎవరో నవ్వుతూ, "మీ పన్నీటి బుడ్డీలు లెక్కపెట్టుకోండి" అన్నారట.

ఖమీస్

* * *

నాబుల్,
ఏప్రిల్ 27

ఖమీస్,

అన్నీ చేశాను. ముప్ఫై సెకన్లు నొక్కి పట్టమన్నావు. గడియారం చూస్తూ బటన్ నొక్కడం నా వల్ల కాక లెక్కపెట్టాను. ఇరవై రెండు దగ్గర తలుపు కొట్టారు, లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. రెండోసారి ముప్ఫై అయ్యాక చూస్తే నేను పట్టుకున్నది పక్కనున్న బటన్. మూడోసారి సరిగ్గా చేశాను, వేలికి తిమ్మిరెక్కింది. లాప్‌టాప్ కూసింది. కూతలు పొట్టివి. నెస్రీన్‌ను అడిగితే పొడుగంటోంది. నువ్వే తేల్చుకో.

స్కూలు నుంచి కీబోర్డు తెచ్చాను. ఇవ్వడానికి హెడ్మాస్టరు నా చేత అర్జీ రాయించుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్లు చరిత్ర చెప్పిన మనిషి చేత అర్జీ! లాప్‌టాప్ నిన్న మధ్యాహ్నం ఒకసారి తెరుచుకుంది. తెచ్చిన కీబోర్డుతో నెస్రీన్ నాలుగు అక్షరాలు కొట్టింది, పడ్డాయి. సంతోషంతో గట్టిగా అరిచింది కూడా. అయిదో అక్షరానికి లాప్‌టాప్ మూడుసార్లు కూసి కళ్లు మూసింది. అప్పటి నుంచి పది నిమిషాలకోసారి ఆన్ చేసి చూస్తూనే ఉన్నాం.

నన్ను దొంగను అడిగినట్టు అడగకు. ఏమీ పడలేదంటే పడలేదు. నెస్రీన్ మాత్రం ఆ రోజు పొద్దున దాని పక్కన కాఫీ తాగాననీ, చుక్క పడిందేమో చూసుకోలేదనీ అంటోంది. అదే పనిగా అంటోంది. నిన్న నా ముందే తన చేతుల మీద తనే కొట్టుకుంది. "పడి ఉంటుందిలే, పోనీలే" అని ఊరుకోబెట్టాను.

ఇక్కడ వీధంతా పూల వాసన. ప్రతి మేడ మీదా బట్టీలు. నీకు గుర్తుండే ఉంటుంది.

నజీహా

* * *

కైరవాన్,
మే 1

అక్కా,

పది నిమిషాలకోసారి ఆన్ చేస్తున్నారా! ఎవరు చెయ్యమన్నారు? నేను రాసిన దాంట్లో ఆ మాట ఎక్కడుంది? జబ్బు మనిషిని పది నిమిషాలకోసారి లేపి, "బాగున్నావా, నడువు" అంటే ఏమవుతాడో అదీ అదే అవుతుంది. ఇక దాని మీద చెయ్యి వెయ్యకండి. చార్జరు కూడా తగిలించకండి.

కొన్నింట్లో డిస్కు విడిగా ఊడి వస్తుంది. దీంట్లో అది బోర్డుకే అతికించి ఉంటుంది. బోర్డు బతికితేనే థీసిస్ బతుకుతుంది. నెస్రీన్ దగ్గర పాత కాపీ ఎందుకు లేదో తర్వాత తిడతాను.

దాన్ని పంపించు. శుక్రవారం నాబుల్ నుంచి మనుషుల్ని ఎక్కించుకుని వచ్చే లువాజు వ్యాను డ్రైవరు ఫర్జానీకి ఇవ్వు. వెనక సామాన్లలో కాదు, అతని సీటు పక్కన పెట్టమను. ఇక్కడ స్టాండులో నేనే దించుకుంటాను.

కాఫీ అంటున్నావు కాబట్టి దానికి తగిన మందులు సిద్ధం చేసుకుంటున్నాను. చక్కెర వేసిన కాఫీ అయితే బోర్డు సగం తిని ఉంటుంది, నేనేం హామీ ఇవ్వలేను. ఆ మాట అమ్మాయికి నువ్వే చెప్పు.

పూల వాసన గురించి నాకు రాయకు. ఇక్కడ మాకు దుమ్ము, ఎండ తప్ప ఏమీ లేవు. గుర్తుందా అని అడగడం దేనికి?

ఖమీస్

* * *

నాబుల్,
మే 3

ఖమీస్,

ఫర్జానీ చేతికిచ్చాను. చంటిపిల్లను అప్పగించినట్టు వంద జాగ్రత్తలు చెప్పాను. "మేడమ్, మీ దగ్గర చదువుకున్నవాణ్ణే, ఇంకా పరీక్ష పెడుతున్నారా?" అన్నాడు. సంచీలో చార్జరు కూడా ఉంది.

బోర్డు సంగతి నెస్రీన్‌కు చెప్పాను. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "నా చేతులారా చేసుకున్నాను, అమ్మా. అయిదేళ్లు, ఒక్క కాఫీ కప్పు" అంది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం పెడితే ముట్టలేదు.

నువ్వు బాగు చేస్తావని చెప్పాను. చెయ్యి. ఇంతకన్నా ఏం రాయను?

నజీహా

* * *

కైరవాన్,
మే 8

అక్కా,

విప్పాను.

కీబోర్డు కింద పదిహేడు కుస్‌కుస్ గింజలు దొరికాయి. మొదట అర్థం కాలేదు. ఇరవై ఆరేళ్లలో చీమల్ని చూశాను, బల్లిని చూశాను, ఒకరి పెళ్లి ఉంగరాన్ని చూశాను. కుస్‌కుస్ చూడలేదు. తర్వాత వెలిగింది. తడిసిన ఫోన్‌ను బియ్యంలో పూడిస్తే ఆరుతుందని ఎవరో చెబితే విన్నావు. మన ఇళ్లలో బస్తా బియ్యం ఎక్కడిది? ఏడాదికి సరిపడా గోధుమ రవ్వతో నలిచి ఎండబెట్టుకున్న కుస్‌కుస్ ఉంది. దాని కుండలో పూడ్చావు. అవునా? దాని మీద ఏమీ పడకపోతే ఎందుకు పూడ్చావు, చరిత్ర టీచరమ్మా? బియ్యం వైద్యం కూడా ఒట్టిదే. నీ కుస్‌కుస్ వైద్యం అంతకన్నా ఘోరం. గింజలు కీల కింద దూరి, ఒక కీని నొక్కి పట్టేశాయి. దానంతట అదే గీత నింపుతున్న అక్షరం ఇదే. ఆన్ చేయగానే ఒక కీ నొక్కి ఉంటే కూడా లాప్‌టాప్ కూస్తుంది. నీ మూడు కూతల్లో సగం పాపం ఆ కుండదే.

మిగతా సగం సంగతి చెబుతాను విను. కాఫీ జిగురు ఎక్కడా లేదు. ఒక్క మరక కూడా లేదు. నెస్రీన్ దీని మీద చుక్క కాఫీ పొయ్యలేదు. ముందు ఆ మాట వెళ్లి ఆ పిల్లకు చెప్పు.

పవర్ బటన్ దగ్గర కొద్దిగా పచ్చటి చిలుము ఉంది. తడి ఇంకా ఉందేమోనని బోర్డును వేడి గాలి కింద పెట్టాను. రెండు నిమిషాల్లో షాపంతా నారింజ పూల వాసన. అప్పుడే మబ్రూకా అన్నం తీసుకుని వచ్చింది. గుమ్మంలోనే ఆగి, "ఏమండీ, ఎవరింట్లో పెళ్లి?" అంది. లోపలికొచ్చి బోర్డు మీదికి వంగి వాసన చూసింది. "ఇవి అత్తయ్య నీళ్లు" అంది. క్యారియర్ అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

నేనూ వాసన చూశాను. నీకు గుర్తుండే ఉంటుంది అని రాశావు కదా, గుర్తుంది. పదిహేనేళ్లప్పుడు అమ్మ బట్టీ మూతికి చిల్లుపడితే నేను అతుకు వేశాను. నా మొదటి రిపేరు అదే. అతుకు సరిగ్గా కుదరక మన ఇంటి పన్నీటికి ఎప్పుడూ కాస్త పొగ వాసన ఉండేది. "మీ ఇంటి పన్నీరు పొగచూరింది" అని వీధిలో నవ్వేవాళ్లు. అమ్మ మాత్రం ఆ అతుకు మార్పించనివ్వలేదు. అలాంటి పన్నీరు నాబుల్ మొత్తంలో ఇంకో ఇంట్లో లేదు. పాతవైతే ఇంత ఘాటుండదు, ఇవి ఈ ఏడు పూల నీళ్లు.

ఆ బట్టీ ఎక్కడుందక్కా?

థీసిస్‌ను పెట్టుకుని బేరమాడను. నువ్వు జవాబు రాసినా రాయకపోయినా దీన్ని బాగు చేస్తాను. కాని నీళ్లు ఎటువైపు నుంచి పడ్డాయో, ఎంత పడ్డాయో మాత్రం నిజం రాయి. బోర్డు మీద ఎక్కడ వెతకాలో నాకు తెలియాలి.

ఖమీస్

* * *

నాబుల్,
మే 11

ఖమీస్,

కుడివైపు, పైన. మూడుసార్లు చిలకరించాను. ముందు నీ పనికొచ్చే మాట రాశాను.

ఏప్రిల్ పన్నెండు, శుక్రవారం. మధ్యాహ్నం నెస్రీన్ ఆఖరి వాక్యం రాసి, "అమ్మా, అయిపోయింది!" అని కేక పెట్టి స్నానానికి వెళ్లింది. లాప్‌టాప్ తెరిచి ఉంది. నాకు పట్టలేని సంతోషం వచ్చింది. అమ్మ ఉంటే ఏం చేసేది? పెళ్లికూతురి మీద, కొత్త ఇంటి మీద, పరీక్ష పాసైన ప్రతివాడి తల మీదా ఏం చేసేదో అదే. పన్నీటి బుడ్డి తెచ్చి దాని మీద చల్లాను. మొదటిసారి చల్లితే ఏమీ కాలేదు. రెండోసారీ కాలేదు. మూడోసారికి స్క్రీన్ ఆరిపోయింది. కొంగుతో తుడిచి, పరుగెత్తి కుస్‌కుస్ కుండలో పెట్టాను. అమ్మాయి వచ్చి అడిగితే నా గదిలో చార్జింగు పెట్టానన్నాను. నాలుగింటికి తీసి దాని బల్ల మీద పెట్టాను. పొద్దున తాగిన కాఫీయే కారణమని అది అనుకుంది. నేను అనుకోనిచ్చాను. నెల రోజులుగా నా కూతురు తన చేతుల్ని తిట్టుకుంటూ ఉంటే పక్కన కూర్చుని విన్నాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

బట్టీ నా మంచం కింద ఉంది.

అమ్మే పోయే ముందటి వసంతంలో దాన్ని బెనీ ఖియార్‌లో తనకు పూలు కోసిపెట్టే దలీలాకు వాడుకోమని ఇచ్చిందట. ఎవరికీ చెప్పలేదు. పోయిన ఏడు ఏప్రిల్లో, నేను నలుగురిలో ఆ మాట అనేసిన రెండు నెలలకు, దలీలా దుప్పట్లో చుట్టి తెచ్చి గుమ్మంలో పెట్టింది. "మీ అమ్మగారి సొత్తు, తల్లీ" అంది. దుప్పటితో సహా మంచం కిందికి తోసేశాను. ఆ రోజే నీకు ఫోన్ చెయ్యాల్సింది. రేపు చేద్దాం అనుకున్నాను. రేపు రేపంటూ ఏడాది గడిచిపోయింది. ఒక్కో రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. ముప్ఫై నాలుగేళ్లు పిల్లల చేత తప్పు ఒప్పించినదాన్ని, నా తప్పు నేను ఒప్పుకోలేకపోయాను.

ఈ ఏడు పూలు చూశాక ఉండలేకపోయాను. మేడ మీద ఒక్క రోజు వెలిగించాను. వీధిలో అందరి ఇళ్లలోనూ అదే వాసన కాబట్టి ఎవరూ గమనించలేదు. మొదటి చుక్క పడగానే ఆ పొగ వాసనకు కూర్చుని ఏడ్చాను.

నెస్రీన్‌కు ఈ పొద్దున మొత్తం చెప్పాను. "మబ్రూకా అత్తయ్యను ఏడాది పాటు, నన్ను నెల రోజుల పాటు ఏడిపించావు. ఇంకా ఎవరైనా మిగిలారా అమ్మా?" అని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మధ్యాహ్నం బయటికొచ్చి రెండు పళ్లేలు తింది. నాతో మాత్రం మాట్లాడలేదు. మన వంశంలో అందరికీ ఇదొక్కటే వచ్చు.

నన్ను క్షమించమన్నానని మబ్రూకాకు చెప్పు.

నజీహా

* * *

కైరవాన్,
మే 17

అక్కా,

లాప్‌టాప్ బతికింది.

నువ్వు చెప్పిన కుడివైపు మూలలో, పవర్ బటన్ తీగ బోర్డుకు కలిసేచోట, ఆవగింజంత చిలుము పట్టి ఉంది. చెప్పకపోతే అక్కడ చూసేవాణ్ణి కాదు. స్పిరిటుతో కడిగాను. కీబోర్డు కొత్తది వేశాను. ఆన్ చేస్తే ఒక్క కూత కూడా లేకుండా తెరుచుకుంది. అధ్యాయాలన్నీ ఉన్నాయి. మూడు కాపీలు తీశాను. రెండు సంచీలో పెట్టాను, ఒకటి నా దగ్గరే ఉంచుకుంటున్నాను. మీ ఇంట్లో ఎవర్నీ నమ్మను. కాఫీ పడి ఉంటే బోర్డు దక్కేది కాదు. ఆవిరి నుంచి దిగిన నీళ్లు, అందులో ఉప్పూ చక్కెరా లేవు కాబట్టి బతికింది. అమ్మ నీళ్లే ముంచాయి, అమ్మ నీళ్లు కాబట్టే మిగిలింది. దీనికి నవ్వాలో తల బాదుకోవాలో నాకు తెలియడం లేదు.

నీ ఉత్తరం మబ్రూకాకు చదివి వినిపించాను. బట్టీ మంచం కింద ఉందన్న దగ్గర, "చదవడం ఆపండి" అంది. వంటింట్లోకి వెళ్లింది. గిన్నెలన్నీ ఒకసారి తోమినవే మళ్లీ తోమింది. తర్వాత వచ్చి ఒకే ఒక్క మాట అంది. "నలభై మంది ముందు అన్న మాటకు ఉత్తరంలో క్షమాపణా?"

నేను దానికి ఏం కలపను. మాట ఎక్కడ పడిందో అక్కడే తియ్యాలి. నా ఒట్టు కూడా అక్కడే ఉంది.

ఖమీస్

* * *

నాబుల్,
మే 21

ఖమీస్,

లాప్‌టాప్ అందింది. నెస్రీన్ దాన్ని గుండెకు హత్తుకుని గదిలో దాచేసుకుంది. తలుపు మీద కాగితం అంటించింది: "అమ్మకు ప్రవేశం లేదు." సొంత ఇంట్లో నా బతుకు ఇది.

జూన్ 27న థీసిస్ పరీక్ష. 28న మా ఇంట్లో భోజనాలు. ఆ రోజున ఉన్న నలభై మందినీ పేరుపేరునా పిలుస్తున్నాను. ఇద్దరు పోయారు, వాళ్ల కొడుకుల్ని పిలిచాను. మబ్రూకాను తీసుకురా. మీరు రాకపోతే నేను వాళ్లందరికీ కుస్‌కుస్ పెట్టి పిచ్చిదానిలా నిలబడాలి.

కుండలో పదిహేడు గింజలు తక్కువున్నా అందరికీ సరిపోతుంది.

నజీహా

* * *

నాబుల్,
జూన్ 30

ఒరేయ్ ఖమీస్,

ఇప్పుడు ఫోన్ చెయ్యొచ్చని నాకూ తెలుసు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డుపడతావు. అందుకే రాస్తున్నాను, నోరు మూసుకుని చదువు.

నలభై మంది ముందు నిలబడి చెప్పాల్సింది చెప్పాను. రాసుకున్న కాగితం చేతిలో ఉన్నా చూడలేదు. బట్టీ దుప్పటి విప్పి మబ్రూకా ముందు పెట్టి, "దీన్ని నువ్వు దొంగిలించావని అన్నాను. ఇది ఏడాది నా మంచం కింద ఉంది. దొంగను నేను" అన్నాను. పెద్దమ్మ అయితే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమందీ?" అంది. రెండోసారి ఇంకా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మబ్రూకా బట్టీని దగ్గరికి లాక్కుంది. ఆ అతుకు మీద వేలితో నిమురుతూ ఉండిపోయింది. నీ వైపు చూశాను. మాట వెనక్కి తీసుకున్నాను, నీ ఒట్టు తీరిపోయింది, అయినా గోడకు ఆనుకుని మొహం ఎర్రగా చేసుకుని నిలబడ్డావు. వీడు ఇక ఈ జన్మలో నాతో మాట్లాడడు అనుకున్నాను.

అందుకే వంటింట్లోకి వెళ్లి పన్నీటి బుడ్డి తెచ్చాను. బల్ల మీద నెస్రీన్ లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని అందరికీ బావుల ఫొటోలు చూపిస్తోంది. నాకు దాని సంగతే తెలియదు, నేను బల్ల పక్క నుంచి వస్తున్నానంతే. పదహారు నెలల తర్వాత అప్పుడు నీ నోటి నుంచి నాకు మొదటి మాట వచ్చింది, ఇల్లు అదిరిపోయేలా:

"ఓసి నా తల్లో, ఆ బుడ్డి కింద పెట్టవే!"

నెస్రీన్ లాప్‌టాప్ మీద బోర్లా పడింది. దాని స్నేహితులు ఫోన్లు జేబుల్లో దాచుకున్నారు. ముందుగా నవ్వింది మబ్రూకా. తర్వాత నలభై మందీ నవ్వారు. నువ్వూ నవ్వావు, తర్వాత మొహం గోడకు తిప్పుకున్నావు. ఏడుస్తున్నావని అందరికీ తెలుసు, దాచావని సంబరపడకు.

మబ్రూకా బట్టీ ఒళ్లో పెట్టుకుని ఫర్జానీ వ్యాను ముందు సీట్లో కూర్చుని వెళ్లిందట. వీధిలో అందరూ చూసేలా అద్దం దించమందట. మంచి పని చేసింది. మార్చిలో పూలు పంపిస్తాను, బస్తా నిండా. ఆ అతుకు మాత్రం ముట్టుకోకు.

ఒరేయ్, ఒక్క మాట. నేను లాప్‌టాప్ మీద చల్లడానికి రాలేదు. మబ్రూకా చేతుల మీద చల్లుదామని వస్తున్నాను. నీ అరుపుకి బుడ్డి నా చేతిలోనే ఉండిపోయింది. తర్వాత మబ్రూకానే నా దగ్గరికి వచ్చి, పన్నీటికి రెండు చేతులూ పట్టింది.

నీ అక్క,
నజీహా